రెండు ముక్కలు, ఒకే డబ్బా

ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదివే పిల్లలకు సర్జరీ పోస్టింగ్ మొదలయ్యే ముందు ఒక గంట మాట్లాడమని మా పాత కాలేజీ వాళ్లు ఈమధ్య ఫోన్ చేశారు. విషయం కూడా వాళ్లే ఇచ్చారు. సర్జరీలో విద్యార్థులు ఏం నేర్చుకోవాలి? సరేనని కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. మోచేతుల దాకా చేతులెలా కడుక్కోవాలి, కడుక్కున్నాక ముక్కు దురద పెడితే ఎలా నోరు మూసుకుని భరించాలి, పొట్ట తెరిచినప్పుడు అంచుల్ని లాగి పట్టే కొక్కేన్ని చెయ్యి వణక్కుండా ఎంతసేపు పట్టుకోవాలి, కుట్టు దారం ఎంత పొడవు వదిలి కత్తిరించాలి, మొదటిసారి రక్తం చూసి కళ్లు తిరిగితే బల్ల మీద కాకుండా గోడవైపు పడాలని ఎందుకు చెబుతారు. రెండు పేజీలు వచ్చాయి. చదువుకుంటే నాకే ఒళ్లు మండింది. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. నాకు నా సర్జరీ పోస్టింగ్ నేర్పింది వేరే ఉంది. అది స్టేజీ ఎక్కి చెబితే కాలేజీ వాళ్లు నన్ను మళ్లీ పిలవరు. వాళ్లకు ఆ రెండు పేజీలే ఇస్తాను. అది మాత్రం ఇక్కడ రాసుకుంటాను.

మాది సైదాబాద్. నాన్నను బాపు అంటాం. ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఫిజీషియన్ అసిస్టెంట్ అంటే ఏమిటో మా గల్లీలో ఎవరికీ తెలీదు. మేం డాక్టర్లం కాదు, నర్సులం కాదు. డాక్టర్ పక్కన ఉండి రోగి వివరాలు రాయడం, ఆపరేషన్‌లో చెయ్యందించడం, తర్వాత కట్లు మార్చడం, కుట్లు విప్పడం మా పని. బాపు దీనికి తనే ఒక సులువైన అర్థం చెప్పేవాడు. “మా బిడ్డ సగం డాక్టరు” అనేవాడు. ఎదురింటాయన ఊరుకోకుండా, “పై సగమా, కింది సగమా?” అని ఆటపట్టించేవాడు. నాకు కోపం వచ్చేది. బాపుకు వచ్చేది కాదు. సగమైనా డాక్టరే కదా అన్నట్టు మీసం మీద చెయ్యి వేసుకునేవాడు.

మూడో ఏడాదిలో నన్ను సర్జరీకి వేసింది పాతబస్తీలో ఒక ఆసుపత్రికి. గాజుల దుకాణాలూ బట్టల దుకాణాలూ దాటి, ఆటోలూ బండ్లూ ఒకదాన్నొకటి తోసుకునే గల్లీలో, మూడంతస్తుల పాత కట్టడం. థియేటర్ రెండో అంతస్తులో. అక్కడ పెద్ద సార్ ఒకరే సర్జన్. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. నెమ్మదిగా మాట్లాడేవారు, నెమ్మదిగా కోసేవారు. ఆయన దగ్గర పదేళ్లుగా సీనియర్ ఫిజీషియన్ అసిస్టెంట్‌గా ఉన్నావిడను అందరూ అక్కా అనేవారు. నేనూ అక్కా అనే అన్నాను.

అక్క గురించి మంచి మాటలే ముందు చెప్పాలి, ఎందుకంటే అవన్నీ నిజం. మొదటి రోజు నాకు గ్లవ్స్ తొడుక్కోవడం రాక మూడు జతలు పాడు చేస్తే నవ్వి, నాలుగో జత తనే తొడిగింది. సార్ చెయ్యి చాచకముందే ఆయనకేం కావాలో చూడడం నేర్పింది. “చేతిని చూడకు పిల్లా, కండ్లను చూడు. సార్ కండ్లు ఏడికి పోతే చెయ్యి ఆడికే పోతది” అనేది. ముడి వేయడం నేర్పి, ప్రాక్టీసుకు ఒక దారం ముక్క ఇచ్చి పంపింది. నేను ఆ దారంతో బస్సు కిటికీ ఊచకు ముడులేశాను, గడపకేశాను, చివరికి బాపు చెప్పుల జతను కలిపి ముడేశాను. పొద్దున డ్యూటీకి పోబోతూ ఆయన, “బిడ్డా, నువ్వు ఆపరేషన్ చేసినవ్ సరే, పేషంటు నడుస్తలేడు” అన్నాడు. మధ్యాహ్నం నాకు ఆసుపత్రి క్యాంటీన్ తిండి పడక మాడుతుంటే అక్క తన టిఫిన్ డబ్బా తెరిచి జొన్నరొట్టె సగం విరిచి ఇచ్చింది. ఆ తర్వాత రోజూ రెండు రొట్టెలు ఎక్కువే తెచ్చేది. ఆమెను నెత్తిన పెట్టుకున్నాను. ఎప్పటికైనా నేనూ ఇలా అవ్వాలి అనుకున్నాను, ఇంట్లో అన్నాను కూడా.

ఆ థియేటర్లో ఒక పద్ధతి ఉండేది. ఎక్కడా రాసి లేదు గానీ అక్క దగ్గరికొచ్చిన విద్యార్థులందరికీ అదే. మాకందరికీ ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఏ ఆపరేషన్ చూశాం, దేనిలో చెయ్యి వేశాం అన్నది రాసుకుని, పై వాళ్లతో సంతకం పెట్టించుకోవాలి. అవి నిండకపోతే పోస్టింగ్ పూర్తయినట్టు కాదు. వేరే చోట్ల ఆ సంతకాల కోసం పిల్లలు సీనియర్ల వెనక కుక్కపిల్లల్లా తిరుగుతారు. అక్క అలా తిప్పించుకునేది కాదు. థియేటర్లో ఫారాలన్నీ మాతో రాయించేది. రోగి పేరు, ఏ పక్క, ఏం తీశారు, ల్యాబ్‌కు ఏం పంపుతున్నారు. కింద “అప్పగించినవారు” అన్నచోట మా సంతకమే. “నువ్వు నా ఫారంల పెట్టు, నేను నీ బుక్కుల పెడత. గిట్లయితేనే పని మీద భయం పోతది” అనేది. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని సార్ ముందు మెచ్చుకుంది. నేను పొంగిపోయాను. నెలలో నా సంతకం ఆ ఆసుపత్రిలో ఎన్ని కాగితాల మీద ఉందో నాకే తెలీదు. విద్యార్థిని నమ్మి సంతకం పెట్టనిస్తున్నారు, ఎంత గౌరవం అనుకున్నాను. తెలివితక్కువదాన్ని.

ఇక ఆ అమ్మ గురించి. నలభై దాటిన మనిషి. ఇంట్లోనే కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికించేది. భర్త బేగంబజార్లో హమాలీ. రెండేళ్ల క్రితం మెడలో గడ్డ వస్తే టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగింది. తగ్గింది. ఇప్పుడు అదే పక్కన మళ్లీ లేచింది. సూదితో తీసి చూస్తే ఏమీ తేలలేదు. గడ్డను తీసి రెండు ముక్కలు చేసి, ఒకటి ఫార్మాలిన్‌లో, ఒకటి సెలైన్‌లో పంపాలన్నారు సార్. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా దీని మీదే ఉంది. ఫార్మాలిన్‌లో వేసిన ముక్క కుళ్లకుండా ఉంటుంది. దాన్ని పలచగా కోసి జబ్బేమిటో చూస్తారు. కానీ ఫార్మాలిన్ తగిలితే లోపలి క్రిమి చచ్చిపోతుంది. ఆ క్రిమిని బతికించి, పెంచి (దీన్నే కల్చర్ అంటారు), ఏ మందుకు లొంగుతుందో ఏ మందుకు లొంగదో తేల్చాలంటే రెండో ముక్క ఉత్త సెలైన్‌లోనే పోవాలి. ఆమె ఆరు నెలలు మింగిన మాత్రలు ఇంకా పనిచేస్తాయా లేదా అన్నది ఆ రెండో ముక్కే చెప్పాలి. ఈ సంగతి అంతకు వారం ముందే నాకు అక్క నేర్పింది. పరీక్షలో అడుగుతారు, గుర్తుపెట్టుకో అని కూడా అంది.

ముందురోజు ఆమె వివరాలు రాయడానికి నేనే వెళ్లాను. మంచం మీద ముడుచుకుని కూర్చుంది. వేళ్ల కొసలు గట్టిపడి ఉన్నాయి. నేను అడిగినవాటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి, తను అడగాలనుకున్నది అడిగింది.

“మత్తు ఇస్తరా బిడ్డా, నిద్ర పోతనా?”

“లేదమ్మా, మెడ కాడనే సూదిస్తరు. ఆడ మొద్దుబారుతది. మీరు మేల్కొనే ఉంటరు. మొఖం మీద గుడ్డ కప్పుతరు, ఏం కనవడది.”

“నొప్పి ఓర్సుకుంట. గని మెడ మీద కత్తి అంటే...” అని ఆగిపోయింది. “ఒక్కసారే గదా? మళ్ల మళ్ల కొయ్యరు గదా?”

“ఒక్కసారే అమ్మా” అన్నాను. “మళ్ల కోత ఉండదు. నేను పక్కనే ఉంట.”

అలా మాటివ్వడానికి నేనెవరిని? సగం డాక్టర్ని. అయినా ఇచ్చాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, “మంచిగ మాట్లాడుతున్నవ్ బిడ్డా. ఇంకోళ్లు గిట్ల చెప్తలేరు” అంది. ఆ రోజు బస్సులో ఇంటికి పోతూ, ఈ పని నాకోసమే పుట్టిందనుకున్నాను.

ఆపరేషన్ చిన్నదే. ముప్పావుగంట కూడా పట్టలేదు. ఆమె మొహం మీద పచ్చగుడ్డ, మెడ దగ్గర మాత్రం చిన్న కిటికీలా తెరిచి ఉంది. నేను గుడ్డ కింద నుంచి ఆమె చెయ్యి కాసేపు పట్టుకుని, తర్వాత చేతులు కడుక్కుని వచ్చాను. సార్ గడ్డను తీసి, గిన్నెలో రెండుగా కోసి, “ఒకటి కల్చర్‌కి వెళ్లాలి, చూసుకోండి” అని అక్కకు చెప్పి, కుట్లు వేయమని అప్పజెప్పి పక్క థియేటర్‌కు వెళ్లిపోయారు. అక్కడ పిత్తాశయం ఆపరేషన్ సిద్ధంగా ఉంది. దానిలో పొట్ట లోపలికి పెట్టే కెమెరా పట్టుకునేది అక్కే. ఆమె రాకపోతే మొదలవదు. నర్సును కూడా అటే పిలిచారు. ఇక్కడ గదిలో మిగిలింది మేమిద్దరమే.

అక్క గబగబా కుట్లు వేసింది. బల్ల మీద ఫార్మాలిన్ డబ్బా ఒకటే ఉంది. సెలైన్ డబ్బా ఎవరూ తెచ్చి పెట్టలేదు. అది స్టోర్లో అడిగి తేవాలి. అక్క చిమ్టాతో ఒక ముక్క తీసి డబ్బాలో వేసింది, రెండోది కూడా తీసింది.

“అక్కా, ఒకటి సెలైన్ల వెయ్యాలె గదా? సార్ కల్చర్ అన్నరు” అన్నాను.

“డబ్బా ఏడుంది?”

“నేను స్టోర్‌కు పోయి తెస్త. అయిదు నిమిషాలు.”

“ఏంది, నాకు నేర్పుతున్నవా?” అంది అక్క, తలెత్తకుండానే. “సార్ ఆడ చేతులు కట్టుకోని నిలవడ్డడు. నువ్వు స్టోర్‌కు పోయి, ఆడ సంతకం పెట్టి, మళ్ల వచ్చేదాంక నేను కాసుకోని ఉండాల్నా? రెండు గీండ్లనే పోనీ. ల్యాబోళ్లు చూసుకుంటరు. ఫికర్ చెయ్యకు. మూత పెట్టు, ఫారం రాయి.”

రెండో ముక్క కూడా డబ్బాలో పడింది. ఫార్మాలిన్ ఘాటుకు కళ్లు మండాయి. మూత పెట్టింది నేనే. తప్పని తెలిసే పెట్టాను. ఇది దాచుకోను. ఫారం మీద నా ముత్యాల రాతతో ఆమె పేరు, ఎడమ మెడ, రెండు ముక్కలు అని రాసి, కింద సంతకం పెట్టాను. పదేళ్ల అనుభవం ఉన్న మనిషి చెబుతోంది, నాకు తెలియనిది ఏదో ఉండే ఉంటుందని మనసుకు సర్దిచెప్పుకున్నాను. అక్క అప్పటికే గ్లవ్స్ విప్పి బయటికి నడిచింది.

మూడో రోజు ల్యాబ్ నుంచి సార్‌కు కబురొచ్చింది. కల్చర్‌కు ముక్క రాలేదు, రెండూ ఫార్మాలిన్‌లోనే ఉన్నాయి, ఇక ఏం చేయలేమని. సార్ మా ఇద్దర్నీ తన గదికి పిలిచారు. టేబుల్ మీద ఆ ఫారం ఉంది. కింద నా సంతకం కనబడుతోంది. అయినా లోపల ఒక ధైర్యం. అక్క ఉంది కదా, తనే చెబుతుంది, తొందరలో అలా అయిందంటుంది, సార్ ఆమెను ఏమంటారు అనుకున్నాను.

అక్క నావైపు చూడలేదు. ఫారం వైపు చూసింది. “సార్, ఈ పిల్ల కొత్తది” అంది. “నేను చెప్పిన, ఒకటి సెలైన్ల వెయ్యమని. నేను కుట్లేస్తున్న, చూడలే. గాబరపడ్డట్టుంది. నాదే తప్పు సార్, నేను పక్కనుండి చూడాల్సింది.”

అని నా భుజం మీద చెయ్యి వేసింది. “ఏం కాదు, నేర్సుకుంటది” అని మెల్లగా తట్టింది.

ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మండేది ఆ చెయ్యి. అబద్ధం చెప్పి దూరంగా నిలబడి ఉంటే పోనీలే, భయపడిందనుకునేదాన్ని. అబద్ధమూ ఆడి, నన్ను వెనకేసుకొచ్చినట్టూ నటించి, తప్పు తనదేనంటూ మంచి పేరు కూడా తనే తీసుకుంది. రెండు రొట్టెలు ఎక్కువ తెచ్చిన చెయ్యి అదే. ముడి వేయడం నేర్పిన చెయ్యి అదే. ఒక్క మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. “నేను అడిగిన సార్” అని. మూడు మాటలు. మింగేశాను. నా లాగ్‌బుక్‌లో నెలన్నర పని అక్క సంతకం కోసం ఎదురుచూస్తోంది. ఆ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదని చెబితే అబద్ధం అవుతుంది.

సార్ అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్లజోడు తీసి, “చూడమ్మా, తెలియకపోవడం తప్పు కాదు. తెలియనప్పుడు అడగాలి. అడగడానికి సిగ్గుపడితే రోగి మళ్లీ కోత పడాల్సి వస్తుంది. చూశావుగా?” అన్నారు. ఆ మాటకు నా తల కొట్టేసినట్టయింది. అడిగిన దానికి అడగడం నేర్పుతున్నారు. ఆమె మెడలో ఇంకో చిన్న గడ్డ ఉందని, దాన్ని తీసి పంపక తప్పదని, ఆలస్యమయ్యే కొద్దీ ఆమెకే నష్టమని చెప్పి, “రోగికి మీరే చెప్పండి” అని అక్కతో అన్నారు.

బట్టలు మార్చుకునే గదిలో అక్కను పట్టుకున్నాను.

“అక్కా, గట్ల ఎందుకన్నరు? నేను అడిగిన గదా మిమ్ములను?”

ఆమె బుకాయించలేదు. బుకాయించి ఉంటే కొట్లాడేదాన్ని.

“అడిగినవ్” అంది, జడ విప్పుకుంటూ. “ఇప్పుడేమైంది నీకు? స్టూడెంట్‌వు. రెండు మాటలు చెప్పిండు, రేపటికి మర్సిపోతడు. నా మీద పడితే మర్సిపోతడా? ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు. పదేండ్లు చేసిన ఈడ. ఒక్క డబ్బా కోసం పోగొట్టుకోవాల్నా?”

“మరి నన్ను...”

“నేను గూడ నీ అంత ఉన్నప్పుడు ఎవరిదో తప్పు నెత్తినేసుకున్న. చచ్చిపోలే. గిట్లనే నేర్సుకుంటం.” అద్దంలో నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. అలసట ఉంది. “కుట్లు ఇప్పించుకోనొస్తది గదా, ఆమెకు నువ్వే చెప్పు. నీతోని మంచిగుంటది. ముక్క చిన్నగైంది, పరీక్షకు సాల్లేదని చెప్పు. ఇంకేం చెప్పకు, వాళ్లాయన వచ్చి మస్తు లొల్లి చేస్తడు. అర్థమైందా?”

ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం తినలేదు. బాపు అడిగితే తలనొప్పి అన్నాను. ఆయన జీవితంలో తన తప్పు కాని బ్రేక్ ఫెయిల్ ఒకటి తన మీద వేసుకుని మూడు నెలలు సస్పెండై ఉన్న మనిషి. ఆయనకు చెబితే కర్ర పట్టుకుని బయల్దేరేవాడు. అందుకే చెప్పలేదు. పడుకుని, అక్కను మనసులో ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాను. దొంగ అన్నాను. నమ్మించి గొంతు కోసింది అన్నాను. ఆ రాత్రంతా నా గొంతు గురించే ఆలోచించాను. నిజంగా మెడ మీద కత్తి పడబోయే మనిషి గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

చదివేవాళ్లకు ఆదుర్దా ఉంటుంది కాబట్టి ముందే చెప్పేస్తాను. రెండో గడ్డ తీశారు. సరైన డబ్బాలోనే పంపారు. పాత మాత్రల్లో ఒకటి ఆమెకు పనిచేయదని తేలింది, మందులు మార్చారు. తర్వాత కోలుకుందని వార్డులో విన్నాను. అక్క నా లాగ్‌బుక్ మొత్తం సంతకాలతో నింపింది, అడగకపోయినా “చాలా శ్రద్ధగల అమ్మాయి” అని కూడా రాసింది. నేను పాసయ్యాను. బాపు డిపోలో స్వీట్లు పంచాడు. ఇవన్నీ జరిగాయి. కానీ నేను రాయాలని కూర్చున్నది ఇవి కాదు.

మొదటి ఆపరేషన్ అయిన వారానికి ఆమె కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. డ్రెస్సింగ్ గదిలో మేమిద్దరమే. గాయం చక్కగా మానింది. నేను ఒక్కో దారం పట్టి లేపి, కత్తిరించి, లాగాను. ఆమె కదల్లేదు. అయిపోయాక దూది అద్ది, కొంగు సర్ది, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. బస్సులో దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. గొంతు నేను అనుకున్నదానికంటే బాగా నిలబడింది.

“అమ్మా, ఒక మాట. మొన్న తీసిన ముక్క చిన్నగైంది. పరీక్షకు సాల్లేదంట. పక్కనే ఇంకో గడ్డ ఉంది గదా, అది తీయాల్సొస్తది. చిన్న కోతనే. ఎవరి తప్పు కాదమ్మా, గట్ల అప్పుడప్పుడు అయితది.”

చివరి మాట అక్క చెప్పమనలేదు. నేనే కలిపాను.

ఆమె తల వంచుకుని గట్టిపడిన వేళ్ల కొసలను ఒకదానితో ఒకటి రుద్దుకుంది. అర్థం కాలేదేమో, మళ్లీ చెబుదామని నోరు తెరిచాను.

“నేను మేల్కొనే ఉన్న గదా బిడ్డా” అంది.

నాకు వెంటనే తట్టలేదు.

“నువ్వే చెప్పినవ్, నిద్రపోవు అని. మొఖం మీద గుడ్డ కప్పిండ్రు. చెవులు గూడ కప్పిండ్రా?” ఆమె గొంతులో కోపం లేదు. “నువ్వు అడిగినవ్. ఇంకో డబ్బా తెస్తనన్నవ్. ఆమె నిన్ను గదిరిచ్చింది. అంతా విన్న నేను. డబ్బా మూత పెట్టిన సప్పుడు గూడ విన్న.”

ఆ రోజు ఆ గదిలో మేమిద్దరమే ఉన్నామని ఎంత ధీమాగా అనుకున్నాను! నేను చెయ్యి పట్టుకున్న మనిషి, నేను మాటిచ్చిన మనిషి, అరచెయ్యి దూరంలో ఊపిరి తీసుకుంటూ ఉంటే ఆమెను లెక్కలోంచే తీసేశాం. అక్క తీసేసింది. నేనూ తీసేశాను. సార్ గదిలో నాకు సాక్షి ఎవరూ లేరని గుడ్ల నీళ్లు కుక్కుకున్నాను. నా సాక్షి ఇంట్లో గాజుల ముందు కూర్చుని ఉంది, నేను నిజం చెబుతానని ఎదురుచూస్తూ.

“ఇంటికి పోయి మా ఆయనకు చెప్పిన” అంది. “ఆమె మంచిగలేదు గని, ఆ చిన్న పిల్ల మంచిది, అడిగింది, నాకొచ్చి చెప్తది అన్న. ఆయన నవ్విండు. ఎవరు చెప్తరే పిచ్చిదానా అన్నడు. లే, గా పిల్ల చెప్తది అన్న.”

“అమ్మా...” అన్నాను. క్షమించమని అడగడానికి కూడా ముందు నిజం ఒప్పుకోవాలి. అది నా నోట రావాలని ఆమె ఒక వారం ఎదురుచూసింది. ఇప్పుడు చెప్పినా దొరికిపోయాక చెప్పినట్టే. అక్క నా భుజం మీద వేసిన చెయ్యి గురించి అన్ని రోజులు రగిలిపోయిన నేను, ఆమె మెడ మీద చెయ్యి వేసి అదే పని చేశాను. అక్కకైనా ఇద్దరు పిల్లలున్నారు. నాకు ఉన్నది ఒక లాగ్‌బుక్.

ఆమె లేచింది. మెడ చుట్టూ కొంగు కప్పుకుంది, కుట్టు కనబడకుండా. గుమ్మం దగ్గర ఆగింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

“ఇంకోపారి కోయిచ్చుకుంట బిడ్డా. తప్పదు గదా, కోయిచ్చుకుంట” అంది. “గని ఆ దినం నువ్వు రాకు. నువ్వు చెయ్యి పట్టుకుంటే నాకు ధైర్యమొస్తది. మళ్ల నమ్ముత.”

సరేనమ్మా అన్నాను.